సూర్యకిరణం – సంధితలం – మన చదువులు

చోడవరం పరిసరాలలో పుట్టి పెరిగినవారిలో చెరకు ఆకు అంచుకు చేయి కోసుకోని వారుండరు. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ముందు చెరకు బళ్ళు బారులు తీరిన రోజులు, శీతకాలపు ఉదయాన బెల్లం పెనాల నుంచి లేచే తీపి ఆవిరి, అనకాపల్లి మార్కెట్టుకు తరలిపోయే దిమ్మల వరుసలు మనకు అలవాటైన దృశ్యాలు. అలవాటైన దానిని గురించి ఆశ్చర్యపడడం మనిషి సాధారణంగా మానివేస్తాడు. ఆ తీపికంతటికీ మూలమైన సంఘటన గడలోనూ కాదు, పెనంలోనూ కాదు, ఆకులో జరిగింది. అదీ ఒక సెకండులో లక్ష కోట్లవ వంతులు కొన్నింటిని మించని కాలవ్యవధిలో జరిగింది. పత్రహరితపు అణువు మీద కాంతి పడగానే ఒక ఎలక్ట్రాన్ తన స్థానాన్ని వదలి పక్క అణువును చేరుతుంది. ఆకులో ఈ మొదటి వేర్పాటుకు పట్టే కాలం కొన్ని పికోసెకండ్లు మాత్రమే. తరువాతి కథ అంతా, అంటే చక్కెర, బెల్లం, రైతు అప్పు, కర్మాగారపు లెక్కలు, ఆ గెంతు జరిగిన మీదటనే మొదలవుతుంది.

ఆ గెంతును మనిషి తాను తయారుచేసిన పదార్థాలలో ఎట్లా సాధించాడు, దానిని ఏ గడియారంతో కొలిచాడు, ఆ కథకూ మన డిగ్రీ కళాశాలల చదువులకూ సంబంధమేమిటి అన్నవి ఈ వ్యాస విషయాలు. మొదటి రెండూ శాస్త్ర విషయాలు. మూడవది నా అభిప్రాయం. దానితో విభేదించేవారు ఉంటారని నాకు తెలుసు.

ఇళ్ళ కప్పుల మీద నేడు కనిపించే నల్లని పలకలు సిలికాన్‌తో చేసినవి. సిలికాన్ స్ఫటికంలో కాంతి ఒక ఎలక్ట్రాన్‌ను లేపితే, అది వదలి వచ్చిన ఖాళీ, అంటే పాఠ్యగ్రంథాలు రంధ్రం అని పిలిచే ధనావేశం, దానిని గట్టిగా పట్టుకోలేదు. ఆ స్ఫటికపు రోధక స్థిరాంకం సుమారు 12. అందుచేత వ్యతిరేక ఆవేశాల మధ్య ఆకర్షణ బాగా పలచబడి, గదిలోని వేడి చాలినంతగానే అవి విడిపోతాయి. కర్బన పదార్థాల సంగతి వేరు. రంగులకూ, ప్లాస్టిక్కులకూ దగ్గరి చుట్టాలైన ఈ అణువులలో రోధక స్థిరాంకం 3, 4 మధ్య ఉంటుంది. కాంతి లేపిన ఎలక్ట్రాన్, దాని రంధ్రం ఒకదానినొకటి వదలక జంటగా తిరుగుతాయి. ఎక్సైటాన్ అనే ఈ జంటను విడదీయడానికి గది వేడిమి ఇచ్చే శక్తికి పదింతలకు పైగా కావాలి. జంట ఆయుర్దాయం ఒక నానోసెకండుకు అటూ ఇటూ. ఆ లోపల అది నడవగలిగిన దూరం సుమారు 10 నానోమీటర్లు. ఆ పరిధిలో విడదీసేది ఏదీ తగలకపోతే జంట మళ్ళీ ఒక్కటై, పట్టిన కాంతిశక్తి కాస్త వేడిగానో మినుకుగానో వృథా అవుతుంది.

విడదీసేది సంధితలం. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే గుణం గల పదార్థమూ, పుచ్చుకొనే గుణం గల పదార్థమూ ఆనుకొని ఉన్న తలానికి నేను వాడుతున్న మాట ఇది. ఉర్దూ విభాగంలోని మిత్రుడొకరిని దీనికి వారి భాషలో ఏమనవచ్చునని అడిగితే, ఆయన క్షణం ఆలోచించి "సర్‌హద్ అంటే సరిపోదా?" అన్నారు. సరిపోతుంది. మన సరిహద్దు అక్కడి నుంచి వచ్చినదే కదా! విద్యుత్తును వారు బర్ఖ్ అంటారు. మనం విద్యుత్తు అంటాం. రెండు మాటలకూ మొదటి అర్థం మెరుపే.

ఈ సరిహద్దును మొదట ఫలవంతంగా వాడినవాడు హాంకాంగ్‌లో పుట్టి అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్. 1986లో ఆయన రెండు పలుచని పొరల ఘటాన్ని ప్రకటించాడు. ఒక పొర కాపర్ థాలోసయనిన్, అంటే రంగుల డబ్బాలలోనూ అచ్చు సిరాలలోనూ మనం రోజూ చూసే నీలి వర్ణకం. రెండవది పెరిలీన్ జాతికి చెందిన మరొక వర్ణకం. పడిన సూర్యశక్తిలో ఇంచుమించు ఒక శాతం విద్యుత్తుగా మారింది. ఈనాటి విద్యార్థికి ఒక శాతం నవ్వు తెప్పించవచ్చు. అంతకు పూర్వపు కర్బన ఘటాలు అంత కూడా ఇవ్వలేదని తెలిస్తే నవ్వు ఆగుతుంది.

ఆరేళ్ళ తరువాత, 1992లో, కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా నుంచి వెలువడిన ఒక చిన్న పత్రం ఈ రంగపు దిక్కునే మార్చివేసింది. దాని తొలి రచయిత నియాజీ సెర్దార్ సారిచిఫ్చి. టర్కీలోని కోన్యాలో పుట్టి, వియన్నాలో భౌతికశాస్త్రం చదివి, అమెరికా చేరినవాడు. విద్యుత్తును ప్రసరింపజేసే పాలిమర్‌ను, 60 కర్బన పరమాణువులు బంతిలా అల్లుకున్న ఫుల్లరీన్‌ను కలిపి కాంతి పడనిస్తే, పాలిమర్ నుంచి ఎలక్ట్రాన్ ఆ బంతి మీదికి ఒక పికోసెకండు గడవకముందే చేరుకుంటున్నదని వారు చూపారు. ఎంత ముందుగా చేరుతున్నదో ఆనాటి పరికరాలు చెప్పలేకపోయాయి. 2001 నాటి ప్రయోగం చెప్పింది: సుమారు 45 ఫెమ్టోసెకండ్లు.

ఫెమ్టోసెకండు అనే మాట పరీక్షలో రాయడం సులభం, ఊహించడం కష్టం. ఒక ఫెమ్టోసెకండుకు ఒక సెకండు ఎంతో, ఒక సెకండుకు మూడు కోట్ల పదిహేడు లక్షల సంవత్సరాలు అంత. 45 ఫెమ్టోసెకండ్లలో కాంతి సైతం మన వెంట్రుక మందంలో ఐదవ వంతును మించి పోలేదు. అట్టి వ్యవధిని ఏ గడియారం కొలవగలదు? గడియారం కొలవదు, కొలబద్ద కొలుస్తుంది! ఒకే లేజర్ స్పందాన్ని రెండుగా చీల్చి, మొదటిదానితో పదార్థాన్ని ఉత్తేజపరచి, రెండవదానిని కాస్త పొడుగు దారిన నడిపించి, అది చేరే సమయానికి పదార్థం ఏ స్థితిలో ఉన్నదో చూస్తారు. అద్దాన్ని ఒకటిన్నర మైక్రోమీటరు వెనక్కి జరిపితే, కాంతికి రానుపోను దారి మూడు మైక్రోమీటర్లు పెరిగి, రెండవ స్పందం 10 ఫెమ్టోసెకండ్లు ఆలస్యమవుతుంది. ఇట్లా అద్దాన్ని జరుపుతూ ఒక్కొక్క ఆలస్యానికి ఒక్కొక్క చిత్రం తీసుకుంటారు. కాలాన్ని దూరంగా మార్చి కొలిచే ఈ ఉపాయం నాకు పాఠం చెప్పిన ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఈ విద్యను రసాయన చర్యల మీద ప్రయోగించి, బంధం తెగే క్షణాన్ని చూపినందుకు 1999లో రసాయనశాస్త్ర నోబెల్ పురస్కారాన్ని అందుకున్న అహ్మద్ జివాయిల్ ఈజిప్టులోని దమన్‌హూర్‌లో 1946లో పుట్టాడు. అలెగ్జాండ్రియాలో చదివాడు. 2016లో మరణించేనాటికి అమెరికాలోని కాల్‌టెక్‌లో నాలుగు దశాబ్దాలుగా ఆచార్యుడు. కోన్యా, దమన్‌హూర్ వంటి పేర్లు మన పిల్లలు చదివే పుస్తకాలలో అరుదుగా తగులుతాయి. తగలాలని నా కోరిక.

ఇంతవరకు విన్నవారు "వేగమే విజయం" అని తీర్మానించుకుంటే అది తొందరపాటు. పత్రికలు ఈ విషయాన్ని ఎప్పుడు తలపెట్టినా వేగం దగ్గర మొదలై వేగం దగ్గరే ముగుస్తాయి. ఎలక్ట్రాన్ 45 ఫెమ్టోసెకండ్లలో గెంతడం ఎందుకు ముఖ్యమంటే, జంట మరణించే నానోసెకండుతో పోల్చినప్పుడు అది వేల రెట్లు ముందుండడం వలన. పోటీలో ఉన్న నష్టాలకు అవకాశం చిక్కదు, దాదాపు ప్రతి జంటా విడిపోతుంది. అయితే విడిపోయినది మళ్ళీ వెనక్కి రాకపోవడం అంతకన్న ముఖ్యం. పాలిమర్, ఫుల్లరీన్‌ల మధ్య ఎలక్ట్రాన్ తిరుగు ప్రయాణం ముందు ప్రయాణం కన్న లక్షల రెట్లు నెమ్మది. ఆ నెమ్మదే మనకు లాభం. ఆ విరామంలోనే ఎలక్ట్రాన్ ఒక దిక్కుకు, రంధ్రం మరొక దిక్కుకు సాగి తీగెలను చేరుకుంటాయి.

మరొక సంగతి. ఫుల్లరీన్‌తో అంత వేగం ఊరికే రాలేదు. ఇచ్చేదానికీ పుచ్చుకొనేదానికీ మధ్య శక్తిలో తగినంత దిగుడు ఉండాలని, సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్టులని, చాలాకాలం అనుకున్నారు. ఆ దిగుడులో పోయినదంతా వోల్టేజీలో నష్టం. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన, దిగుడు దాదాపు లేకపోయినా, గెంతు కొన్ని పికోసెకండ్లకు సాగినా, ఆవేశాలు చక్కగా విడిపోగలవని చూపింది. 2019లో చైనాలోని చాంగ్‌షాలో ఆచార్య ఝౌ యింగ్‌పింగ్ బృందం వై6 అనే కొత్త గ్రాహక అణువుతో 15.7 శాతం సాధించింది. ఆ తరువాతి ఏళ్ళలో ప్రయోగశాలల ఘటాలు 19 శాతం దాటాయి. వేగం తగ్గింది, ఫలితం పెరిగింది! ఈ మలుపు నాకు ఆ 45 ఫెమ్టోసెకండ్ల కన్న ఆసక్తికరంగా కనిపిస్తుంది.

ఇక నా అభిప్రాయానికి వస్తాను. ఈ కథలోని మనుషులను మరొకసారి చూడండి. 1992 పత్రంలో సారిచిఫ్చితోపాటు పేరున్న అలన్ హీగర్ భౌతిక శాస్త్రవేత్త, ఫ్రెడ్ వుడ్ల్ రసాయన శాస్త్రవేత్త. పాలిమర్‌ను అల్లినదొకరు, కాంతితో పరీక్షించినదొకరు. 2000లో హీగర్‌కు మాక్‌డయర్మిడ్, షిరకావాలతోపాటు నోబెల్ వచ్చింది. భౌతికశాస్త్రానికి కాదు, రసాయనశాస్త్రానికి. పురస్కార సంఘంవారికి సైతం ఎక్కడ ఏ శాస్త్రం ముగిసి ఏ శాస్త్రం మొదలైనదో గీత గీయడం కష్టమైనట్టుంది. ఇదేమీ దూరదేశాల వింత కాదు. మనకు ముప్పై మైళ్ళ లోపల, వాల్తేరులో, 1930లలోనే ఈ రెండు విద్యలూ పక్కపక్కన నడిచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రామన్ శిష్యుడు సూరి భగవంతంగారు కాంతి పరిక్షేపణ మీదా, కె. రంగధామరావుగారు వర్ణపటాల మీదా పనిచేస్తూండగా, 1933లో చేరిన టి.ఆర్. శేషాద్రిగారు పత్తిపూల, గోగుపూల వర్ణకాలను వేరుచేసి వాటి అణునిర్మాణాలను తేల్చారు. మన ఇంట గోంగూర పచ్చడి వరకే పరిచయమున్న గోగు మొక్క ఆ రోజులలో రసాయన పత్రికలకు ఎక్కింది. రంగు ఎక్కడి నుంచి వస్తుంది అని ఒక గదిలో అడిగారు, రంగు వెలుగును ఏం చేస్తుంది అని మరొక గదిలో అడిగారు. ఆ రెండు ప్రశ్నలను కలిపి అడిగితే ఈ వ్యాస విషయమే వస్తుంది.

నేను చాలా ఏళ్ళ క్రితం పనిచేసిన ఒక కళాశాలలో భౌతిక, రసాయన ప్రయోగశాలల మధ్య ఒక తలుపు ఉండేది. నేను చేరేనాటికే దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. ఒక సంవత్సరం విజ్ఞాన ప్రదర్శనకు ఇద్దరు విద్యార్థినులు మందారపూల రంగుతో సౌరఘటం చేస్తామన్నారు. 1991లో గ్రాట్జెల్, ఓరెగన్ ప్రకటించిన రంజక ఘటానికి అది బడి పిల్లల నమూనా. తెల్లరంగులో వాడే టైటానియం డయాక్సైడ్‌ను వాహక గాజు మీద పూసి, కాల్చి, పూలరసంలో నానబెట్టి, ఎదుటి గాజు మీద పెన్సిలు గ్రాఫైటు రుద్ది, నడుమ అయొడిన్ ద్రావణం పోయడం. అక్కడా సంధితలమే పనిచేస్తుంది. వెలుగు తగిలిన రంజకం నుంచి ఎలక్ట్రాన్ టైటానియం డయాక్సైడ్ రేణువులోకి దూకుతుంది. మంచి రంజకాలలో ఈ దూకుడూ ఫెమ్టోసెకండ్ల లెక్కలోనే జరుగుతుంది.

వాహక గాజు ముక్కలు విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న పాత విద్యార్థి ఒకడు పంపాడు. పూలు వారి పెరట్లోవే. రసాయన ప్రయోగశాలలో కొలిమి ఉంది, ద్రావణం ఉంది. లేనిది వోల్టేజీ కొలిచే మల్టీమీటరు. అది గోడకు ఆవల భౌతిక ప్రయోగశాలలో బీరువాలో ఉంది. ఒక విభాగపు వస్తువు మరొక విభాగానికి పోవాలంటే స్టాకు రిజిస్టరులో సంతకాలు కావాలన్నారు. సంతకం పెట్టవలసినవారు సెలవులో ఉన్నారు. మల్టీమీటరు గోడ దాటడానికి మూడు రోజులు పట్టింది. ఎలక్ట్రాన్ తన సరిహద్దు దాటడానికి పట్టే కాలాన్ని ఆ పిల్లలు అప్పటికే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్నారు. మూడవ రోజు సాయంత్రానికి పూల రంగు వాడిపోయింది. మళ్ళీ పూలు కోసుకొచ్చారు. కిటికీ ఎండలో మూడువందల మిల్లీవోల్టులకు కాస్త పైగా వచ్చినప్పుడు వాళ్ళ ముఖాలు నాకిప్పటికీ గుర్తు. ఆ వారంలో మా రెండు విభాగాల అధ్యాపకులలో కూడా రంజకం మాట ఒకరికి, వోల్టేజీ మాట ఒకరికి తప్ప పూర్తి వివరణ ఎవరికీ రాదని బయటపడింది. నన్నూ కలుపుకొనే చెబుతున్నాను.

మన రాష్ట్రంలో 2023–24 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువులను ఒకే ప్రధాన పాఠ్యాంశం చుట్టూ తిప్పే పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, తరతరాలుగా వస్తున్న గణిత, భౌతిక, రసాయన త్రయం విడిపోయింది. విమర్శలు వచ్చాయి, సవరణల మాటలూ వచ్చాయి. ఆ పద్ధతిని సమర్థించేవారి వాదాన్ని తేలికగా తీసివేయను. మూడు విషయాలను మూడు ముక్కలుగా బట్టీపట్టి, దేనిలోనూ లోతు లేక బయటపడే విద్యార్థులను నేనూ వందలకొద్దీ చూశాను. లోతు కావలసిందే. కాని ఒక బావిని లోతుగా తవ్వమని చెప్పి, పక్క బావిలో నీళ్ళున్నాయో లేవో చూడవద్దనడం వేరు. రసాయనం మాత్రమే చదివినవాడికి రంజకపు నిర్మాణం తెలుస్తుంది, అద్దం ఒకటిన్నర మైక్రోమీటరు ఎందుకు జరిపారో తెలియదు. భౌతికశాస్త్రం మాత్రమే చదివినవాడు స్పందాలను లెక్కపెడతాడు, వై6 అణువు ఫుల్లరీన్ కన్న ఎందుకు మేలో చెప్పలేడు. ఈ ఇద్దరినీ ఎం.ఎస్సీ. తరువాత ఒక పరిశోధనాలయంలో కలిపితే, పరస్పర భాష నేర్చుకోవడానికే రెండేళ్ళు గడుస్తాయి. నగరంలో చదివినవాడికి ఆ రెండేళ్ళను భరించే స్తోమత ఉంటుంది. చోడవరం, మాడుగుల, వడ్డాది వంటి ఊళ్ళ నుంచి వెళ్ళే పిల్లవాడికి ఉంటుందా? ఇంట ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అందుచేత ఈ విభజన భారం అందరి మీదా సమానంగా పడదు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

"సిలికాన్ పలకలు చవక అయినవి, 2024లో కేంద్రం ఇళ్ళ కప్పుల మీద వాటికి రాయితీ పథకం కూడా పెట్టింది, ఇంకా ఈ కర్బన ఘటాల గొడవ మనకెందుకు?" అని ఒక సహాధ్యాపకుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కర్బన ఘటం రేపే మన కప్పు ఎక్కుతుందని నేను చెప్పను. ఎండలో, తేమలో, గాలిలోని ఆక్సిజన్‌లో దాని అణువులు చెడిపోతాయి. సిలికాన్ పలక ఇరవై ఐదేళ్ళు నిలుస్తుంటే, ఇది ఆ మన్నికకు ఇంకా చాలా దూరంలో ఉంది. విశాఖ తీరపు ఉప్పుగాలి దానికి కఠిన పరీక్షే. అయినా కాగితంలా వంగే పలుచని పొరను, సిరాలా అచ్చువేసి చేయగల ఘటం సిలికాన్ పోలేని చోట్లకు పోతుంది. ఆ ఆశ అబద్ధం కాదు, ఇప్పటికి చిన్నది. నేను విద్యార్థిని ఈ విషయం వైపు పిలుస్తున్నది ఆ ఆశ కోసం మాత్రమే కాదు. ఆకులో, రంగులో, పాలిమర్‌లో జరిగే ఒకే పనిని అర్థం చేసుకోవడం కోసం కూడా. చెరకు ఆకు లక్షల ఏళ్ళుగా చేస్తున్న పనిని దాని నీడన పెరిగినవాడు తెలుసుకోగోరడానికి వేరే కారణం చూపనక్కరలేదని నా నమ్మకం.

"మనకు లేజర్లు ఎక్కడివి?" అన్నది రెండవ ఆక్షేపణ. ఫెమ్టోసెకండ్ లేజర్ కోట్ల రూపాయల వస్తువు, డిగ్రీ కళాశాల కొనలేదు, కొననక్కర లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ ఐ.ఐ.టి.లోనూ అట్టి ప్రయోగశాలలు ఉన్నాయి. అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో సౌరఘటాలకు రంజకాలను తయారుచేసే పరిశోధన ఏళ్ళుగా సాగుతున్నది. మనం చేయవలసినది అక్కడికి వెళ్ళే పిల్లలు రెండు భాషలూ వచ్చినవారై వెళ్ళేటట్టు చూడడం. అందుకు కావలసినవి వాహక గాజు ముక్కలు, మందారపూలు, ఒక మల్టీమీటరు, వారానికి ఒక సాయంత్రం రెండు విభాగాలవారూ కలిసి కూర్చొనే బల్ల. పాఠ్యప్రణాళిక ఏమి అన్నా ఈ బల్లను ఎవరూ నిషేధించలేదు.

జ్యేష్ఠమాసానికి నేరేడు పళ్ళు వస్తాయి. వాటి రంగు మందారం కన్న ముదురు, గాజు మీద ఎక్కువసేపు నిలుస్తుందని ఒక విద్యార్థి వాదన. కొలిచి చూద్దామన్నాను. మల్టీమీటరు మటుకు ఈసారి ముందుగానే అడిగి, రిజిస్టరులో రాయించి, నా సొరుగులో పెట్టుకున్నాను.